ఆఫ్రికా అడవికి కాపలా పోదామనుకుంటే

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు పేపర్లో ఒక ఫోటో పడింది. ముసలి ఖడ్గమృగం ఒకటి నేల మీద పడుకొని ఉంది. కాపలా మనిషి ఒకాయన దాని మీదికి వంగి, దాని తలకు తన తల ఆనించి ఉన్నాడు. ఆ జంతువు పేరు సుడాన్. ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాల్లో మిగిలిన ఆఖరి మగది. కెన్యాలోని ఓల్ పెజెటా అనే చోట 2018 మార్చి 19న చనిపోయింది. ఇక మిగిలినవి దాని కూతురు, మనవరాలు, అంతే. చివరి ఏళ్ళలో దానికి రాత్రీ పగలూ తుపాకులతో కాపలా ఉండేదట. "జంతువుకు జెడ్ కేటగిరీ సెక్యూరిటీ ఏందిరా" అని గోరంట్లలో మా వెనక బెంచీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి పోయినాక ఆ ఫోటో కత్తిరించి ఫిజిక్స్ నోటుబుక్కు అట్ట లోపల అంటించుకున్నా. పెద్దయ్యాక ఆ మనిషి చేసే ఉద్యోగమే నేనూ చెయ్యాలనుకున్నా.

తర్వాత అందరిలాగే ఎంసెట్, కౌన్సెలింగ్, ఈఈఈ. హాస్టల్లో నా ఫోను మీద ఖడ్గమృగం బొమ్మ చూసి "రేంజర్" అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. పోయిన నెల క్లబ్ మీటింగ్ అయ్యాక ముగ్గురు జూనియర్లు పట్టుకున్నారు. "అన్నా, నిజంగానే ఆఫ్రికాలో వేటగాళ్ళను పట్టుకునే ఉద్యోగం మనకు వస్తుందా? ఏం చదవాలి?" అని. మెట్ల మీద నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. మధ్యలో మా చిన్నాయన చేను సంగతి కూడా వస్తుంది. అది దాచి మిగతాది చెబితే సగం అబద్ధం చెప్పినట్టే.

ముందు అక్కడి సంగతి. ఖడ్గమృగం కొమ్ములో ఉండేది కెరటిన్, మన గోళ్ళలో ఉండేదే. అయినా వియత్నాం, చైనాల్లో మందని నమ్మి కొనేవాళ్ళు, డబ్బుందని చూపించుకోడానికి కొనేవాళ్ళు ఉన్నారు. ఒక్క దక్షిణాఫ్రికాలోనే 2014లో 1,215 ఖడ్గమృగాలను వేటగాళ్ళు చంపారు. 2023లో 499, 2024లో 420. తగ్గిందని సంతోషపడేలోపు లెక్క వేసి చూడండి, 2024లో కూడా రోజుకు ఒకటి కంటే ఎక్కువే. ఏనుగులది ఇంకా పెద్ద కథ. 18 దేశాల గడ్డి మైదానాల మీద చిన్న విమానాల్లో తిరిగి లెక్కపెట్టి 2016లో ఫలితం చెప్పారు: 3,52,271 ఏనుగులు. ఏడేళ్ళలో 30 శాతం తగ్గిపోయాయి.

సినిమాల్లో, యూట్యూబులో చూసే రేంజర్ అంటే నల్లకళ్ళద్దాలు, మెషిన్ గన్, వెనక హెలికాప్టర్. అసలు పని నడక. ఇంకా నడక. ఎండలో గస్తీ తిరుగుతూ అడుగుల జాడలు చూడటం, ఆరిపోయిన నిప్పు చూడటం, తెగిన కంచె చూడటం, అన్నిటికన్నా ముఖ్యంగా ఉచ్చులు తీయడం. ఉచ్చు అంటే పెద్ద యంత్రమేం కాదు. ఒక తీగ, దానికి జారుముడి. జంతువు నడిచే దారిలో మెడ ఎత్తులో పెట్టి చెట్టుకు కడతారు. మెడ దూరినాక జంతువు లాగేకొద్దీ బిగుసుకుంటుంది. పెట్టినవాడికి కావలసింది కూరకు ఒక జింక. ఉచ్చుకు ఆ సంగతి తెలీదు. ఏనుగు తొండం తెగుతుంది, సింహం మెడ కోసుకుపోతుంది, నడవలేక కుంటే అడవి కుక్క ఎక్కడో పొదలో పడి చస్తుంది. కొమ్ముల కోసం చంపే ముఠాలు వార్తల్లోకి ఎక్కుతాయి కానీ, ఆఫ్రికా అడవుల్లో ఎక్కువ చోట్ల రోజువారీ శత్రువు ఈ తీగముక్కే.

బ్లాక్ మాంబాలు అని ఒక దళం ఉంది. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు పక్కనే ఉన్న బాలులే అడవిలో 2013లో మొదలైంది. ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళే. చేతిలో తుపాకీ ఉండదు. కంచె వెంబడి నడుస్తారు, ఉచ్చులు తీస్తారు, మనిషి జాడ కనబడితే వైర్‌లెస్‌లో చెబుతారు, ఊరి బడికి పోయి పిల్లలకు పాఠం చెబుతారు. 2015లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ వాళ్ళకు అవార్డు ఇచ్చింది. తుపాకీ లేకుండా ఏం పీకుతారు అని నేనూ మొదట అనుకున్నా. వేటగాడు అడవిలోకి రావాలంటే వాళ్ళ ఊరి మీదుగా రావాలి, వాళ్ళ ఊళ్ళో తినాలి, వాళ్ళ ఊళ్ళో ఒకడిని దారి చూపడానికి మాట్లాడుకోవాలి. ఆ ఒకడి అక్కో చెల్లెలో ఈ దళంలో ఉంటే?

అలాగని ప్రాణభయం లేని పని కాదు. కాంగోలోని విరుంగా పార్కులో ఇప్పటిదాకా 200 మందికి పైగా కాపలా సిబ్బంది చనిపోయారు. 2020 ఏప్రిల్‌లో ఒక్క దాడిలో 12 మంది రేంజర్లు, 2021 జనవరిలో ఇంకో ఆరుగురు. ఆ ఆరుగురూ మన వయసుకు అటూఇటూ ఉన్న కుర్రాళ్ళే.

ఇక మన ప్రశ్న. ఆ ఉద్యోగం మనకొస్తుందా? సూటిగా చెబుతా: గస్తీ తిరిగే రేంజర్ ఉద్యోగం దాదాపు రాదు. ఆ ఉద్యోగాలు ఆ దేశం వాళ్ళకే, అందులోనూ ఆ ఊళ్ళ వాళ్ళకే ఇస్తారు, ఇవ్వాలి కూడా. కరువు నేల మీద నెలజీతం వచ్చే పనే అరుదు. దాన్ని బయటివాడికి ఎందుకిస్తారు? ఆ మట్టి, ఆ భాష, ఆ జాడలు బయటివాడికి తెలీవు కూడా. ఇంటర్నెట్లో కనిపించే "వచ్చి రైనోలను కాపాడండి" ప్రకటనల్లో చాలావాటికి మనమే ఎదురు డబ్బు కట్టాలి. రెండు వారాలకు వాళ్ళడిగే రొక్కం చూసి నేను ట్యాబ్ మూసేశాను. బయటివాళ్ళకు చోటున్నది వేరే పనుల్లో: పశువైద్యులు, పైలట్లు, లెక్కలు చూసే పరిశోధకులు, రేడియోలు, సెన్సర్లు, మ్యాపులు పనిచేయించే ఇంజినీర్లు. ఆ చివరి మాట దగ్గర మన చెవులు నిక్కబొడుచుకోవాలి. దాని దగ్గరికి మళ్ళీ వస్తా.

ఒక చిన్న తికమక కూడా తీర్చాలి. అక్కడ రేంజర్ అంటే కాలినడకన గస్తీ తిరిగే మనిషి. మన దగ్గర రేంజర్ అంటే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, జీపున్న అధికారి. అక్కడి రేంజర్‌కు సరిజోడు మన బీట్ ఆఫీసరు, ఆయన కింద పనిచేసే వాచరు. మనవాళ్ళు "రేంజర్ అవుతా" అంటే ఏ రేంజరో ముందు తేల్చుకోవాలి.

ఇప్పుడు చిన్నాయన చేను.

రెండో సంవత్సరం దసరా సెలవులకు ఇంటికి పోయినా. మా అనంతపురం నేల సంగతి తెలిసిందే, ఇప్పుడు జిల్లా పేరు మారినా వాన మారలేదు. ఆ ఏడు మరీ ఘోరం. చిన్నాయన వేసిన నాలుగెకరాల చెనిక్కాయలో గుట్ట వైపు ఎకరన్నరలోనే కాస్త కాయ పట్టింది. సరిగ్గా ఆ ఎకరన్నర మీదే పందులు పడ్డాయి. అడవి పంది ఒక్క రాత్రి వస్తే చాలు, ట్రాక్టరు దున్నినట్టు సాళ్ళకు సాళ్ళే లేపేస్తుంది. చిన్నాయన పాత చీరలు కట్టినాడు, టపాకాయలు కాల్చినాడు, మంచె వేసుకొని పన్నెండు రాత్రులు నిద్ర లేకుండా కూర్చున్నాడు. పదమూడో రోజు నాతో అన్నాడు: "అబ్బోడా, నువ్వు సదివేది కరెంటు సదువే గదా. బోరు కాడ నుంచి ఒక లైను ఇయ్యి సాలు. చుట్టూ తీగ నేను లాగుతా."

వద్దని చెప్పాలి. చెప్పలేదు. ఫోనులో ఖడ్గమృగం బొమ్మ పెట్టుకున్నవాడిని, జాయింట్ వేసి టేపు చుట్టినా. ఎట్లా చేశానో వివరం రాయను. చిన్నాయన నా భుజం తట్టి "సదువుకున్నోడు ఇంట్లో ఉంటే ఇదీ లెక్క" అన్నాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది, అదే ఇప్పటికీ మింగుడుపడదు.

మూడో రోజు తెల్లారి పోయి చూస్తే తీగ దగ్గర పంది లేదు. ఒక కుక్క పడి ఉంది. గుట్ట కింద గొర్రెలు మేపుకునే తాత కుక్క. మెడలో ఎర్రదారం కూడా ఉంది. తాత అక్కడే, తీగకు నాలుగడుగుల దూరంలో గొంతుకూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి అరవలేదు, తిట్టలేదు. "అది ముందర పోయింది సామీ. నేను ఎనక వస్తాంటి" అన్నాడు. అంతే.

చిన్నాయన పరుగెత్తి ఫేజు పీకేసినాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి తీగంతా చుట్టి తెచ్చాం. అన్నం తినేటప్పుడు ఎవరం మాట్లాడలేదు.

కరెంటు చదువు చదివేవాళ్ళం కాబట్టి ఇక్కడ కాస్త ఆగి అసలు విషయం చెప్పుకోవాలి, మన ఊళ్ళల్లో ఎవరో ఒకరు ఈ సాయం మిమ్మల్నీ అడుగుతారు. ఇంటి కరెంటు 230 వోల్టులే, సోలార్ కంచెలో పల్సు వేల వోల్టులు. మరి చంపేది మొదటిది, చంపనిది రెండోది, ఎందుకు? ఇంటి కరెంటు ఆగదు. సెకనుకు 50 సార్లు అటూఇటూ మారుతూ పారుతూనే ఉంటుంది. పది పదిహేను మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టు వదలదు. ఇంకాస్త పెరిగి గుండె మీదుగా పోతే గుండె లయ తప్పుతుంది. తడి నేల, చెప్పుల్లేని కాళ్ళు, ఇక చెప్పేదేముంది. సోలార్ కంచెకు పెట్టే ఎనర్జైజర్ బ్యాటరీ నుంచి కొద్ది శక్తిని కెపాసిటర్‌లో నింపి ఒక్కసారిగా తీగలోకి వదులుతుంది. ఆ దెబ్బ సెకనులో వందో వంతు కూడా ఉండదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య కనీసం ఒక సెకను ఖాళీ ఉండాలని, దెబ్బ శక్తి ఐదు జూల్స్ మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ సెకను ఖాళీలోనే జంతువు వెనక్కి దూకుతుంది. ఆ ఖాళీయే ప్రాణం. బోరు లైను నుంచి లాగిన తీగలో ఆ ఖాళీ లేదు.

చట్టం సంగతి చూస్తే, అట్లా తీగ లాగడం కరెంటు దొంగతనం, మనిషి పోతే హత్య కేసుల దాకా పోతుంది. కృష్ణ జింక పోతే ఇంకోటి. మన రాష్ట్ర జంతువు, షెడ్యూల్ ఒకటిలో ఉంది, మూడు నుంచి ఏడేళ్ళ జైలు. ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడి చేలల్లో జింకల మందలు పంట తినేస్తున్నాయని రైతులు మొత్తుకునేది కూడా నిజమే. జింకను కాపాడమనే చట్టం, పంట కాపాడుకోవాలనే రైతు, ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడి ఉన్నారు. ఆఫ్రికాలో మసాయి పశువుల కాపరికీ సింహానికీ, జింబాబ్వే మొక్కజొన్న రైతుకూ ఏనుగుకూ మధ్య ఉన్నది కూడా ఈ గట్టే.

ఆ సెలవుల తర్వాత నేను చదివే పద్ధతి మారింది. తుపాకుల వీడియోలు వదిలేసి మనుషుల గురించి వెతకడం మొదలుపెట్టా. అట్లా దొరికిన పేరు పందిళ్ళపల్లి శ్రీనివాస్. రాజమండ్రి మనిషి. 1979లో ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులో చేరి కర్ణాటకకు పోయినాడు. వీరప్పన్ కథ మనందరికీ సినిమాగా తెలుసు, అందులో ఈయన ఒక సీను. కానీ నాకైతే ఆ కథంతా ఈయనదే అనిపిస్తుంది.

వీరప్పన్ మొదట ఏనుగు దంతాల వేటగాడు, గంధం చెక్క తర్వాత వచ్చింది. ఆ రోజుల్లో దంతానికి ప్రపంచమంతా గిరాకీ. ఆఫ్రికాలో 1979లో 13 లక్షలని అంచనా వేసిన ఏనుగులు పదేళ్ళలో ఆరు లక్షలకు పడిపోయాయి. 1989లో దేశాలన్నీ కూర్చొని దంతాల అంతర్జాతీయ వ్యాపారం నిషేధించేదాకా పోయింది. కెన్యా ఏనుగును చంపిన ఆశా, సత్యమంగలం ఏనుగును చంపిన ఆశా ఒకటే.

శ్రీనివాస్ 1986లో వీరప్పన్‌ను పట్టుకున్నాడు. ఆయన దగ్గర లేని సమయంలో వీరప్పన్ తప్పించుకుపోయినాడు. తర్వాత స్పెషల్ టాస్క్‌ఫోర్స్ వచ్చినప్పుడు శ్రీనివాస్ చేసిన పని వింతగా ఉంటుంది. పోయి గోపీనాథంలోనే మకాం పెట్టాడు. అది వీరప్పన్ సొంత ఊరు. అక్కడ ఊరివాళ్ళకు ఇళ్ళు కట్టించాడు, మందులిచ్చే ఏర్పాటు చేశాడు, మారియమ్మ గుడి కట్టించాడు. వేటగాడిని దాచే ఊరు, వేటగాడికి అన్నం పెట్టే ఊరు తన వైపు తిరిగితే తుపాకీ పని సగం తీరుతుందని ఆయన లెక్క. చాలామంది లొంగిపోయినారు కూడా. 1991 నవంబరులో వీరప్పన్ కూడా లొంగిపోతాడని కబురొచ్చింది. ఆయుధం లేకుండా రమ్మన్నారు. లేకుండానే పోయినాడు. నవంబరు 10న అడవిలో కాల్చి, తల నరికి తీసుకుపోయినారు. అప్పటికి ఆయన వయసు 37. మరుసటి ఏడు కీర్తి చక్ర ఇచ్చారు. గోపీనాథంలో ఆయన కట్టించిన గుడిలో ఆయన ఫోటో ఉంది.

నమ్మి పోవడం తప్పా అని హాస్టల్లో ఒక రాత్రి వాదించుకున్నాం. "స్ట్రాటజీ ఫెయిల్ అయింది కదా" అన్నాడు నా రూమ్మేట్. ఆయన ఆ రోజు పోవడం తప్పేమో. ఆ ఊళ్ళో ఇల్లు పెట్టడం మాత్రం తప్పు కాదని నా వాదన. వీరప్పన్ 2004 దాకా దొరకలేదు. ఆ పదమూడేళ్ళలో తుపాకులతో ఎంత మంది పోయినారో లెక్క తీస్తే నా రూమ్మేట్ కూడా కాస్త తగ్గాడు.

తుపాకీ దారి ఎక్కడికి పోతుందో మన శేషాచలంలో చూశాం. ఎర్రచందనం మన తూర్పు కనుమల్లో ఈ కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెద్దగా పెరగదు. 2013 డిసెంబరులో దాన్ని నరికే కూలీల దాడిలో ఇద్దరు అటవీ సిబ్బంది చనిపోయారు. 2015 ఏప్రిల్ 7న 20 మంది తమిళనాడు కూలీలను టాస్క్‌ఫోర్స్ కాల్చింది. అటు చచ్చినవాడూ జీతానికి వచ్చినవాడే, ఇటు చచ్చినవాడూ కూలికి వచ్చినవాడే. దుంగ కొన్నవాడు ఏ దేశంలోనో ఏసీ గదిలో ఉన్నాడు. ఈ ఉద్యోగం కావాలనుకునేవాళ్ళు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకొని చదవాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ ఒకటి కడప జిల్లాలో ఉంది. కలివి కోడి. 1900 తర్వాత కనబడలేదు, అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో లంకమల అడవి అంచున మళ్ళీ దొరికింది. కనుక్కున్నది పెద్ద శాస్త్రవేత్త కాదు, పిట్టలు పట్టే ఒక స్థానిక వేటగాడు. శాస్త్రవేత్తలు బొమ్మ చూపించి అడిగితే, రాత్రి టార్చి లైటు వేసి పట్టుకొచ్చాడు. పాపం ఆ పిట్ట బతకలేదు, కానీ జాతి బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది. నల్లమలలో చెంచులదీ ఇదే దారి. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవిలో బేస్ క్యాంపుల్లో ఉంటూ గస్తీ తిరిగేవాళ్ళలో చెంచులు ఎంతోమంది. పులి అడుగు నిన్నటిదో ఇవ్వాళ్టిదో వాళ్ళు చూసి చెబుతారు. మన బ్లాక్ మాంబాలు వాళ్ళే. కాకపోతే వాళ్ళ గురించి ఇంగ్లీషులో డాక్యుమెంటరీలు తక్కువ, పర్మినెంటు ఉద్యోగాలు ఇంకా తక్కువ.

ఇంత దూరం కూడా పోనక్కర్లేదు. మాకు దగ్గరే, చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. రెట్ట వాసన ఇంటింటికీ కొడుతుంది, అయినా ఒక్కడూ రాయి వెయ్యడు. పురుడుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు. అక్కడ యూనిఫాం ఎవరికీ లేదు.

సరే, ఉద్యోగాల మాట. మన బీటెక్‌తో నేరుగా పోగలిగిన పెద్ద దారి శ్రీనివాస్ పోయిందే, ఐఎఫ్ఎస్. ఫారిన్ కాదు, ఫారెస్ట్. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే అర్హతే. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపి ఒకటే, మెయిన్స్ వేరు. ఇక్కడొక మెలిక ఉంది, చాలామందికి అప్లికేషన్ నింపేటప్పుడు గానీ తెలీదు: ఆప్షనల్స్‌లో సివిల్, మెకానికల్, కెమికల్ ఉన్నాయి కానీ ఎలక్ట్రికల్, కంప్యూటర్స్ లేవు. మా ఈఈఈ వాళ్ళు, సీఎస్ఈ వాళ్ళు ఫిజిక్సో మ్యాథ్సో పట్టుకోవాలి. సెలెక్ట్ అయ్యేముందు నడక పరీక్ష: మగవాళ్ళకు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళకు 14. ఏపీపీఎస్సీ నుంచి రేంజ్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, బీట్ ఆఫీసర్ పోస్టులు పడతాయి. బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు. బీటెక్ చేసి బీట్ ఆఫీసరా అని ఇంట్లో మొహం చిట్లిస్తారు, నిజమే. కానీ ఆఫ్రికా ఫోటోలో చూసిన పని అచ్చంగా చేసేది ఆ మనిషే.

పరిశోధన వైపు పోవాలనుకుంటే బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ ఉంది. ఏ డిగ్రీ వాళ్ళయినా రాయొచ్చు. సీట్లు చాలా తక్కువ, ఏటా తీసుకోరు. గోరంట్లలో బస్సెక్కితే పొద్దున టిఫిన్‌కు అక్కడుంటాం, అదొక్కటే మాకున్న సౌలభ్యం.

ఇక ముందు దాటేసిన ఇంజినీర్ల పని. నాకు అన్నిటికన్నా నచ్చింది మిలింద్ తాంబే అనే ఆయన పని. బిట్స్ పిలానీలో చదివి, ఇప్పుడు హార్వర్డ్‌లో ప్రొఫెసర్. సమస్య ఇది: వేల చదరపు కిలోమీటర్ల అడవి, చారెడు మంది సిబ్బంది. ఈ రోజు ఎటు పోవాలి? మన ఆర్టీసీ చెకింగ్ స్క్వాడ్‌ను గుర్తు చేసుకోండి. రోజూ సోమందేపల్లి క్రాసు దగ్గరే ఎక్కితే టికెట్ లేనివాడు ముందు స్టాపులోనే దిగిపోతాడు. ఎప్పుడు ఎక్కడ ఎక్కుతారో తెలీకపోతేనే భయం. అట్లాగని కళ్ళు మూసుకొని ఎక్కడపడితే అక్కడ ఎక్కినా ఉపయోగం లేదు, ఎక్కువ దొరికే చోట ఎక్కువసార్లు, మిగతా చోట్ల అప్పుడప్పుడు ఎక్కాలి. వేటగాడు గస్తీని గమనిస్తుంటాడు, గస్తీ వేటగాడిని ఊహించాలి. గేమ్ థియరీలో దీన్ని లెక్కగా రాయొచ్చు. పాస్ అని పేరు పెట్టిన ఆ ప్రోగ్రాం పాత గస్తీ రికార్డులు, ఉచ్చులు దొరికిన చోట్లు, వాగులు, రోడ్లు అన్నీ చూసి ఎక్కడ ఉచ్చులుండొచ్చో చెబుతుంది. ఉగాండాలోని క్వీన్ ఎలిజబెత్ పార్కులో రేంజర్లు అది చూపించిన చోటికి పోయి వెతికారు, ఉచ్చులు దొరికాయి.

కానీ చూడండి, ఆ లెక్కకు మూలం ఏంటి? ఏళ్ళ తరబడి ఎవరో కాళ్ళరిగేలా నడిచి, దొరికిన ప్రతి ఉచ్చునూ నోటుబుక్కులో రాసిపెట్టడం. మన పులుల అడవుల్లో కూడా 2010 నుంచి ఎం-స్ట్రైప్స్ అనే పద్ధతి ఉంది, బీట్ సిబ్బంది నడిచిన దారి, చూసిన జాడ ఫోనులో ఎక్కిస్తారు. వేడి కదలికను పసిగట్టి ఫోటో తీసే కెమెరాలు, ఆ లక్షల ఫోటోల్లో మనిషెవడో జింకేదో వేరుచేసే మోడళ్ళు, నెట్‌వర్కు లేని లోయల నుంచి కొద్దిపాటి డేటా పంపే లోరా రేడియోలు, బ్యాటరీ ఏడాది పాటు వచ్చేలా సర్క్యూట్ నిద్రపుచ్చడం, ఇవన్నీ మన ల్యాబుల్లో ఉన్న వస్తువులే. మీ మైనర్ ప్రాజెక్టుకు మళ్ళీ ఇంకో లైన్ ఫాలోయర్ రోబో చెయ్యబోయే ముందు ఒకసారి ఆలోచించండి, ఆ రోబో ఇప్పటిదాకా ఏ లైనునూ ఎక్కడికీ తీసుకుపోలేదు.

నా మైనర్ ప్రాజెక్టు ఎనర్జైజర్. కొన్న ఎనర్జైజరే, నేను తయారు చేసింది కాదు, ప్రమాణం దాటని ముద్ర ఉన్నది. నేను చేసింది దానికి తోడు చిన్న డబ్బా: కంచెలో వోల్టేజి పడిపోతే చిన్నాయన ఫోనుకు మెసేజ్ పంపుతుంది. చిన్నాయన రెండు పొట్టేళ్ళు అమ్మి ప్యానెల్, బ్యాటరీ తెచ్చాడు. గుట్ట వైపు ఎకరన్నరకే వేశాం. మొదటి వారం మెసేజ్‌లే మెసేజ్‌లు. గడ్డి పెరిగి తీగకు తగిలిన ప్రతిసారీ పల్సు భూమిలోకి పోతుంది, వోల్టేజి చస్తుంది. ఆ సంగతి ఏ పాఠంలోనూ లేదు. ఇప్పుడు పదిహేను రోజులకోసారి చిన్నాయన కంచె కింద గడ్డి కోస్తాడు. ఒక పెద్ద పంది ఎర్త్ రాడ్డు పక్కనే మట్టి తవ్వి కింది నుంచి దూరింది, ఆ రాత్రి నాలుగు సాళ్ళు పోయినాయి. దానికి అడుగున ఇంకో తీగ వేశాం. పోయిన ఏడు పంట మొత్తం దక్కిందని చెప్పను. మంచె మీద పడుకునే రాత్రులు మాత్రం తగ్గాయి.

సంక్రాంతికి పోయినప్పుడు గొర్రెల తాత కంచె దగ్గరికి వచ్చాడు. కాళ్ళ మధ్య కొత్త కుక్కపిల్ల ఆడుతోంది. తీగ వంక చాలాసేపు చూసి, "ఇది సంపదు గదా సామీ?" అని అడిగాడు. చంపదని చెప్పి పచ్చిగడ్డి పోచ ఒకటి తీసి ఎట్లా చూడాలో చూపించా. పోచ కొసను తీగకు ఆనించి మెల్లగా దగ్గరికి జరిపితే వేళ్ళలో సన్నగా చిటుక్కుమంటుంది. తాత నా చేతిలో పోచ తీసుకొని తనే ఆనించాడు. చిటుక్కుమనగానే చెయ్యి లాక్కొని, "ఓయమ్మ, చీమ కుట్టినట్ల ఉండాది" అన్నాడు. తర్వాత వంగి కుక్కపిల్ల ముక్కును కూడా తీగ దగ్గరికి తీసుకుపోయినాడు. అది ఒకసారి కెవ్వుమని అరిచి తాత పంచెలో దూరింది. "ఇంగ ఈపక్క రాదులే" అని తాత గొర్రెలను అదిలించుకుంటూ వంక దిగి పోయినాడు.